గట్టు మీద కూర్చునే విద్య

పక్షుల్ని చూడాలన్న సరదా కొత్తగా పుట్టినవాళ్లు చాలామంది ముందు ఆరా తీసేది కెమెరా ధర. ఆ ఆరాతోనే సగం మంది సరదా చల్లారిపోతుంది. పక్షుల ఫొటోలకు వాడే పెద్ద 600 ఎంఎం లెన్సు కొత్తది కొనాలంటే పది లక్షల పైమాటే. దానికి తగిన కెమెరా, స్టాండు, అడవి దాకా కారు, అక్కడ రిసార్టు గది అన్నీ కలిపితే ఒక మామూలు ఇల్లు ఏళ్ల తరబడి గడిచే డబ్బు. ఈ లెక్క చూసి వెనక్కి తగ్గినవాళ్లను తప్పుపట్టలేం. కాకపోతే వాళ్లు వేసుకున్నది ఫొటోల లెక్క. పిట్టల్ని చూడటానికయ్యే లెక్క వేరే ఉంది.

ఆ లెక్క తెలియాలంటే 1930లో పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ ఉన్న స్థితి దగ్గరికి వెళ్లాలి. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకుని ఆయన తిరిగొచ్చేసరికి, బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో అంతకుముందు చేసిన గైడ్ లెక్చరర్ ఉద్యోగం లేదు. నిధులు లేవని ఆ పోస్టే ఎత్తేశారు. బొంబాయి ఖర్చులు భరించలేక భార్య తహ్మీనాతో కలిసి అలీబాగ్ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న కిహిమ్ అనే పల్లెకు మకాం మార్చారు. చేతిలో డబ్బు లేదు, తీరిక మాత్రం కావలసినంత. ఇంటికి దగ్గర్లో ఒక చెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లు. ఆ వానాకాలం ఆయన ఆ చెట్టునే చూస్తూ గడిపారు.

గిజిగాడు తెలుగువాళ్లకు కొత్త కాదు. దాని మీద జాషువా రాసిన పద్యాలు బడిలో చదువుకున్న తరాలు ఉన్నాయి. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, తాటిమట్టకో వేలాడే ఆ గూళ్లను చూడని పల్లె మనిషి ఉండడు. చూడటం వేరు, అదే చెట్టు కింద రోజూ కూర్చోవడం వేరు. రోజూ కూర్చున్నందుకే సాలిం అలీకి దాని సంసారం తెలిసింది. మగ పిట్ట గూడు సగం దాకా అల్లి ఆపుతుంది. ఆడ పిట్టలు వచ్చి లోపల దూరి, లాగి, పీకి చూస్తాయి. ఒకదానికి నచ్చితే జత కుదిరినట్టు. అప్పుడు మగది గొట్టం లాంటి ద్వారంతో సహా గూడు పూర్తి చేస్తుంది. ఆడది గుడ్ల మీద కూర్చోగానే అయ్యగారు ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఇల్లాలి కోసం ఎదురుచూస్తారు. నచ్చక వదిలేసిన సగం గూళ్లు కొమ్మలకు అలాగే వేలాడుతుంటాయి. అంతకుముందు వాటిని చూసి మనుషులు అల్లిన కథలు చాలా ఉన్నాయి. గూట్లో మట్టి ముద్దలు ఉండటం నిజం. ఆ మట్టికి మిణుగురుల్ని అంటించి దీపం పెట్టుకుంటుందన్న ముచ్చటకు మాత్రం ఆధారం లేదు.

భారత పక్షిశాస్త్రంలో ఆయనకు మొదట పేరు తెచ్చిన పనుల్లో ఇదొకటి. దీనికి ప్రయాణం లేదు, పరికరాల ఖర్చూ లేదు. ఆ మరుసటి ఏడాది, 1931లో, నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టినప్పుడు కూడా ఆయన పెట్టిన షరతు ఒకటే: జీతం అక్కర్లేదు, తిరగడానికీ గుడారాలకూ అయ్యే ఖర్చు ఇస్తే చాలు. తెలంగాణ పక్షుల గురించి మనకు ఓ పద్ధతిగా తెలిసినదానికి పునాది అలా పడింది.

డబ్బున్నవాడు ఏడాదికి పది చోట్లకు వెళ్తాడు. లేనివాడు ఒకే చెరువుకు మళ్లీ మళ్లీ వెళ్తాడు. పక్షుల విషయంలో రెండోవాడిదే పైచేయి. నీటికాకులు ఏ నెలలో ఎక్కువవుతాయో, చలి మొదలవగానే తోకాడిస్తూ నేల మీద పరుగెత్తే వలస పిట్టలు ఏ వారం దిగుతాయో, తీతువు ఎక్కడ గుడ్లు పెట్టిందో (గట్టు మీద మనిషి కనబడగానే అది అరిచి గోల చేస్తుంది, గుడ్లు ఆ దగ్గర్లోనే ఉంటాయి) ఒక్కసారి వెళ్లినవాడికి తెలియదు. దానికి పెద్ద అభయారణ్యమూ అవసరం లేదు. గుంటూరు పక్కన ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేరేది ఊరి చెరువు దగ్గరే. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో అవి ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి. హైదరాబాద్ అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశం హోదా ఇచ్చారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిన చెరువు అది.

ఏమీ కొనకూడదని కాదు. ఒక్క వస్తువు మీద ఖర్చు పెట్టాలంటే ఈ కాలమిస్టు ఓటు బైనాక్యులర్స్‌కే. వాటి మీద 8x42 అని రాసి ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయని, ముందు అద్దం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. షాపువాడు ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని ఊరిస్తాడు. అంత పెద్దవి చేత్తో పట్టుకుంటే పిట్ట కన్నా చెయ్యి వణుకే ఎక్కువ కనిపిస్తుంది, పైగా మసక వెలుతురులో బొమ్మ చీకటిగా ఉంటుంది. పక్షులకు ఎనిమిది చాలు. మొదటి ఏడాది అవి కూడా అరువు తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లో 1980 నుంచీ పక్షి ప్రేమికుల సంఘం ఒకటి ఉంది. అప్పట్లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్. అలాంటి బృందం వెంట వెళ్తే చేతిలో ఏమీ లేనివాడికి పక్కవాడు తన బైనాక్యులర్స్ అందిస్తాడు, ఎటు చూడాలో కూడా చెబుతాడు.

చెవికి అసలు ఖర్చే లేదు, దాన్ని వాడేవాళ్లే తక్కువ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గ్రీనిష్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఉత్తరాది నుంచి మన తోటల్లోకి దిగి వేసవి మొదట్లో తిరిగి వెళ్తుంది. వేపచెట్టు ఆకుల్లో ఆకు రంగులో కలిసిపోయే దాన్ని కళ్లతో పట్టుకోవడం మెడనొప్పి వ్యవహారం. ‘చివిట్, చివిట్’ అనే పిలుపు ఒకసారి చెవిలో పడ్డాక, బస్టాపులో నిలబడి కూడా అది ఎక్కడుందో చెప్పొచ్చు. కంసాలి పిట్ట ‘టుక్ టుక్’, జెముడుకాకి గొంతులోంచి వచ్చే ‘హూప్ హూప్’ ఇంకా తేలిక. కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇచ్చే మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబుతుంది. అప్పుడప్పుడు పొరపడుతుంది కూడా. ముందు తన చెవితో విని, ఫలానా పిట్ట అని ఊహించుకున్నాక ఫోన్ తీసేవాళ్లే త్వరగా నేర్చుకుంటున్నారు.

చూసినవి, విన్నవి రాసుకునే నోట్‌బుక్ విలువ 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదికలో తెలిసింది. 30,000 మందికి పైగా పక్షి వీక్షకులు, పక్షుల జాబితాలు ఎక్కించే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో రాసిన దాదాపు 3 కోట్ల నమోదుల మీద, 942 జాతుల స్థితిని అంచనా వేశారు. వీళ్లలో ఎక్కువమంది జీతం తీసుకునే శాస్త్రవేత్తలు కారు. ఆఫీసుకు వెళ్లేముందు అరగంట చెరువు దగ్గర ఆగి, చూసినవి రాసుకున్న మనుషులు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట బాగా తగ్గిపోతోందని, ప్రపంచ స్థాయిలో దాని స్థితిని మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక చెప్పగలిగింది ఈ రాతల వల్లే. ఆ పిట్టను దసరా రోజు చూస్తే శుభమన్న నమ్మకం ఉంది. దాన్ని పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులకు చూపించే వ్యాపారమూ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఊరి బయట పొలాల వెంట కరెంటు తీగల మీద కూర్చున్న పాలపిట్టకు టికెట్ లేదు.

ఇంతా చెప్పి ఇది అందరికీ ఉచితమే అంటే అబద్ధమవుతుంది. తెల్లవారుజామున ఆరింటికి చెరువు గట్టు మీద ఒంటరిగా కూర్చునే స్వేచ్ఛ మగవాడికి ఉన్నట్టు ఆడవాళ్లకు లేదు. పొద్దున్నే టిఫిను, క్యారియర్లు, పిల్లల స్కూలు ఎవరి నెత్తిన ఉన్నాయో వాళ్లకు ఆ గంట దొరకదు. తీరిక అనేదే ఇంట్లో సమానంగా పంచని వస్తువు. డాబా మీది నుంచి, బాల్కనీ నుంచి చూసిన పక్షుల జాబితాలు కూడా గట్టు మీద రాసినవాటితో సమానంగా చెల్లుతాయన్నది అందుకే ముఖ్యం. పైన చెప్పిన నమోదుల్లో అవీ ఉన్నాయి.

మొదలుపెట్టడానికి ముహూర్తం కావాలంటే ఫిబ్రవరి మంచిది. వలస పక్షులు ఇంకా ఇక్కడే ఉంటాయి. ప్రపంచమంతటా పెరటి పక్షుల గణన నాలుగు రోజులు జరిగేదీ ఆ నెలలోనే. మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది. ఫీజు లేదు. ఎక్కడైనా కనీసం పదిహేను నిమిషాలు ఆగి, కనిపించిన, వినిపించిన పక్షులన్నిటినీ రాసి ఈబర్డ్‌లో ఎక్కించాలి. కొత్తవాళ్లు ఇక్కడే ఒకటి వదిలేస్తుంటారు: లకుముకి పిట్టను రాసి, పక్కనే ఉన్న కాకుల్ని, పావురాల్ని, గోరింకల్ని లెక్కలోకి తీసుకోరు. ఏది లేదో తెలియాలంటే ఉన్నవన్నీ రాసి ఉండాలి. అందుకే జాబితా పంపే ముందు, గుర్తుపట్టిన పక్షులన్నీ ఇందులో ఉన్నాయా అని ఈబర్డ్ ఒక ప్రశ్న వేస్తుంది. కాకుల్ని రాయనివాళ్లు దానికి ‘లేదు’ అని జవాబివ్వాల్సి వస్తుంది.