సమూహప్రార్థనలలో ‘మా’, ‘మన’ శబ్దములు

చిత్తూరు సీమలోని పుంగనూరునందుఁ బదునెనిమిదవ శతాబ్దారంభముననే ఫ్రెంచి జెస్విట్ గురువులు కతోలిక మతమును బోధించిరి. ఆ శతాబ్దమందే మంగళగిరి ఆనందకవి క్రీస్తుచరిత్రమును వేదాంతరసాయనమను ప్రబంధముగా రచించెను. ప్రబంధము నొకఁడు చదివి యానందింపవచ్చును. జపము అట్లు గాదు. పండితుఁడును పామరుఁడును ఒక్కగొంతుతోఁ బలుకవలసినది. కావున దాని గుణదోషములను వేఱు కొలతతో నిర్ణయింపవలయును.

లతీనుభాషలో ‘మన’, ‘మా’ యను భేదము లేదు. ఒక్క శబ్దమే రెంటికిని జెల్లును. తెలుఁగున నట్లు కుదురదు. వినువానిని గలుపుకొనునది ‘మన’, విడుచునది ‘మా’. సమూహప్రార్థనలో నీ రెండును వలసినవే. నాయకుఁడు సంఘమునకుఁ గోరికను దెలుపునపుడు ‘మనము’ అనును. సంఘము దేవునితోఁ బలుకునపుడు ‘మా’ అనును. కొఱఁత మనుష్యులది, తీర్చువాఁడు దేవుఁడు అను భావము మూలభాషలో వ్యాకరణమునకుఁ గనఁబడదు; తెలుఁగున సర్వనామమే దానిని జెప్పుచున్నది. ఇది యనువాదమున దైవికముగాఁ గలిగిన లాభము.

అయిన నిందొక ప్రమాదమును గలదు. ‘మా’ శబ్దము విడుచునది దేవు నొక్కనినే కావలయును, పొరుగువానిని గారాదు. తిరుపతి చిత్తూరు ప్రాంతము తెలుఁగు, అరవము, కన్నడము కలియుచోటు. తిరుమల యాత్రికులు నిత్యము నడచు త్రోవ. వాన కురియనిచో నందఱి చేలును ఎండును. మహామారి యింటివారి మతము నడిగి లోనికి రాదు. అట్టిచోట ‘మా రోగులు’ అనఁగా గుడిలోనివారే యని యర్థమైనచోఁ బ్రార్థన కుంచించుకొనిపోవును. సంఘములోనివారికే గాక సమస్తమానవులకొఱకును వేడవలయునని 1963లో రెండవ వాటికన్ మహాసభ విశ్వాసుల ప్రార్థనను బునరుద్ధరించుచు విధించెను.

కాలముతోఁ గూడ జపము విరియుట క్రొత్త గాదు. 590లో రోమునగరమున మహామారి చెలరేఁగినపుడు గ్రెగొరీ ప్రజలను బ్రార్థనాయాత్రలుగా నడిపించెను. 1917లో యుద్ధమధ్యమున పదునైదవ బెనెడిక్టు దేవమాత ప్రార్థనలో శాంతికి రాణి యను బిరుదమును జేర్చెను. 2020లో ఫ్రాన్సిస్ పోపు వలసపోవువారికి ఊఱట యను బిరుదమును దానికే జతపఱచెను. ఒక్కొక్క బిరుదము వెనుక నొక్కొక్క కాలపు దుఃఖము కలదు.

శాంతికిఁ గ్రైస్తవులు వాడు ‘సమాధాన’ శబ్దమును గొందఱు ‘ప్రత్యుత్తర’మనియే తలఁచి నవ్వుదురు. అది తగదు. పగవా రిద్దఱును సమాధానపడిరను వాడుక తెలుఁగువారి కందఱికిని దెలిసినదే. శాంతి యొక్కనిలోనే యుండవచ్చును; సమాధానమున కిరువురు వలయును. యుద్ధకాలపు ప్రార్థనకు రెండవదే తగినది. రోగులకిచ్చు సంస్కారమును బూర్వము ‘అవస్థాభ్యంగన’మనిరి, అది మరణసమయమును స్ఫురింపఁజేయును. ‘వ్యాధిగ్రస్తుల అభ్యంగన’మను పేరు బ్రదుకుమీఁది యాశకుఁ జోటిచ్చుచున్నది.

‘ప్రపంచశాంతిసంస్థాపనార్థము’ వంటి సమాసము మాత్రము పత్రముమీఁద గంభీరముగా నుండినను, వందమంది గొంతులలో విఱిగిపోవును. ఊపిరి కందు చిన్న వాక్యమును, పొరుగువాని కష్టమును బేరుపెట్టి చెప్పు మాటయును గల ప్రార్థనయే యుత్తమము. అట్టిదానిలో ‘మా’ యనునపుడు ఊరంతయు నందిముడును.