చిత్రకథా పుస్తకముల మూల్య నిర్ణయము: ధరల సూచికా గ్రంథముల ప్రయోజనము

పాత నాణెములకు, తపాలా బిళ్ళలకు వెల తెలుపు గ్రంథములున్నట్లే బొమ్మల కథల పుస్తకములకును అట్టి గ్రంథము అమెరికాలో కలదు. రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అను సేకర్త 1970లో దానిని మొదట ప్రకటించెను. నాటినుండి క్రొత్త కూర్పులు వెలువడుచు, ఆ వ్యాపారమున అది ప్రమాణ గ్రంథమను పేరు గడించినది. అది ఎంతవరకు ప్రమాణమో ఇందు విచారింపదలచితిని. తెలుగు పాఠములు చెప్పుకొను ఉపాధ్యాయునకు ఈ గొడవ యేల యని చదువరులు అడుగవచ్చును. కారణము మా చెన్నపట్టణములోని యొక తెలుగు కుటుంబపు భాగపంపకములు.

ఆ యింటి తండ్రిగారు, 1985లో అగ్నికి ఆహుతియైన మూర్ మార్కెట్టులో పాత పుస్తకముల దుకాణములు తిరిగి, అమెరికా చిత్రకథలను రెండు పెట్టెల నిండ చేర్చిరి. ఆయన పోయిన పిమ్మట అన్నదమ్ములిద్దరు ఆస్తి పంచుకొనునపుడు, విదేశమందున్న కుమారుడు పంపిన ఈ సూచికను అన్నగారు నా ముందుంచి, "మాస్టారూ, మీరే లెక్క కట్టండి" అనిరి. నేను ఒక్కొక్క పుస్తకమును చూచి, గ్రంథమున దాని యెదుటనున్న అంకెలలో చివరిదానిని కూడుకొనుచు పోతిని. ఆ మొత్తమును నమ్మి అన్నగారు పెట్టెలు పుచ్చుకొని, రొక్కములో తన వంతు కొంత వదలుకొనిరి. లెక్క తప్పు. ఆ తప్పు గ్రంథమునది కాదు, చదివిన నాది.

అందు ప్రతి పుస్తకమునకు ఆరు ధరలుండును. పది మార్కుల కొలతలో 2.0, 4.0, 6.0, 8.0, 9.0, 9.2 అను స్థితులకు వరుసగా ఆ ధరలు. చివరిది అప్పుడే అచ్చుకూటమునుండి వచ్చినట్లుండు ప్రతికి. త్రాళ్ళు బిగించి కట్టిన కట్టలలో మడతపడి, ఉప్పుగాలికి పసుపెక్కి, పిన్నులు త్రుప్పుపట్టిన మన ప్రతులు మొదటి వరుసకు చేరుటయే కష్టము. ఆ రెండు వరుసలకు నడుమ ధర పదింతలకు మించి భేదించుటయు కలదు. పైగా అందలి అంకె దుకాణదారుడు అమ్మునప్పటి ధర గాని మన యొద్ద కొనునప్పటిది కాదు. అతడు సగమో, సాధారణమైన ప్రతియైనచో అంతకు చాల తక్కువయో ఇచ్చును. అద్దె, వడ్డీ, అమ్ముడుపోక మిగులు సరకు అతనికిని కలవు గదా!

ఏ పుస్తకము ఎన్నడు మొదలైనది, ఏ పాత్ర ఏ సంచికలో తొలుత కనబడినది, బొమ్మలు వ్రాసినది ఎవరు అను వివరములు ఈ గ్రంథమున చక్కగా కూర్చబడినవి. నా మట్టుకు ధరలకంటె ఈ పట్టికయే ఎక్కువ విలువ గలది. ధరల విషయమున మాత్రము శంకలు పెక్కు. విక్రేతలును, అనుభవజ్ఞులైన సేకర్తలును పంపు సమాచారమే వానికి ఆధారము. తమ యింట సరకు గలవారే వెల చెప్పుటలో స్వార్థము కొంత దొరలక మానదు. అచ్చైన అంకె పిమ్మట బేరమునకు ఆరంభమగును. 2021లో ఈ ధరలు విపరీతముగా పెరిగి, తరువాత తగ్గినవి. ఏటికొక్క కూర్పు అట్టి వేగమును అందుకొనజాలదు. 2000లో సీజీసీ అను సంస్థ ప్రతులను పరీక్షించి, మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చుట ఆరంభించినది. అట్టి 9.8 ప్రతికి, సూచికలోని 9.2 వరుస దారి చూపదు.

1938లో పది సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, 9.0 మార్కు గలది 2014లో 32 లక్షల డాలర్లకును, 8.5 మార్కు గలది 2024లో 60 లక్షల డాలర్లకును అమ్ముడుపోయినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పాత కాగితము సేకరించి కరగించుటచే నాటి పుస్తకములు నశించినవి, మిగిలినవి కొద్ది. 1991 నాటి ఎక్స్‌మెన్ మొదటి సంచిక మాట వేరు. అది 80 లక్షల ప్రతులకు మించి పోయినది. నిధియని అందరును దాచిరి కావున నేడు దాని సాధారణ ప్రతి కొలది డాలర్లకే దొరకును. పుస్తకమును గుర్తించుటకు సూచికను చూచి, ధరకు మాత్రము అదే స్థితి గల ప్రతులు ఈ మధ్య వేలములో ఎంతకు పోయినవో విచారించుట మేలు.

నేను అట్లే మరల లెక్కించి, అన్నదమ్ముల నిద్దరిని పిలిచి చెప్పితిని. మొదటి మొత్తములో పదియవ వంతైనను రాలేదు. తమ్ముడుగారు మాట పెంచక రొక్కము సరిచేసిరి.

పెట్టెల అడుగున చందమామ సంపుటములుండెను. 1947 జూలైలో తెలుగునను తమిళమునను మా పట్టణముననే పుట్టిన పత్రిక అది. ముఖపత్రములు తీసి, అంచులు కోసి కట్టించినవి కావున సేకర్తల దృష్టిలో అవి చెడిన ప్రతులే. ఓవర్‌స్ట్రీట్ గ్రంథమున వానికి చోటే లేదు. బిడ్డలు తమిళ బడిలో చదువుచుండుటచే, తండ్రిగారు కఠిన పదముల ప్రక్క పెన్సిలుతో తమిళమున అర్థములు వ్రాసియుండిరి. చిత్రకథలకు వాదులాడినవారు వీనిని చూచి ఊరకుండిరి. ఇద్దరికిని అవే కావలెను. పట్టికలో వాని యెదుట నేను అంకె వేయలేదు. బేసి సంపుటములు అన్నగారును, సరి సంపుటములు తమ్ముడుగారును తీసికొనిరి. ఆ విభజన నాకు నచ్చలేదు, కాని నన్నెవరును అడుగలేదు.