వాకిట్లో వినాల్సిన ఇంగ్లీషు

బాబాయి, పెదనాన్న, మామయ్య అందరికీ కలిపి ఒక్క అంకులేనా అని మనం ఇంగ్లీషును చూసి ఎన్నాళ్లుగా జాలిపడుతున్నామో! ఆ లేమి చూడలేక కజిన్ బ్రదర్ అని ఒక అతుకు వేశాం. తోడల్లుడికి కో-బ్రదర్ అని, తోడికోడలికి కో-సిస్టర్ అని మరో రెండు కుట్లు వేశాం. ఆ జాలి నాకూ ఉండేది. కానీ ఆ భాషను నిఘంటువు దగ్గర వదిలేసి, వాళ్ల వాకిళ్లలో, వంటిళ్లలో ఎలా పలుకుతుందో విన్నకొద్దీ నా చెవికి కొత్త రుచి తగిలింది. వాళ్ల చుట్టరికాల సిరి వరసల లెక్కలో దొరకదు, పిలుపులో దొరుకుతుంది. ఒక్కసారి చెవి ఒగ్గండి.

ముందు అమ్మ. లండన్ వైపు ఆమె మమ్. పెదవులు మూసి, రవ్వంత తెరిచి, మళ్లీ మూస్తే చాలు, అమ్మ వచ్చేస్తుంది. పడమట వేల్స్‌కు వెళ్లినా, ఉత్తరాన న్యూకాసిల్‌కు వెళ్లినా ఆమె మ్యామ్. గొంతు కాస్త విచ్చుకుంటుంది, పిలుపులో పాలవాసన చిక్కనవుతుంది. సముద్రం దాటి ఐర్లండుకు వెళితే నెరిసిన తలల వాళ్లు కూడా నిస్సంకోచంగా మ్యామీ అంటారు. మామ్ అమెరికా సొత్తు అనుకునేరు, ఇంగ్లండు నడిబొడ్డున బర్మింగ్‌హామ్ వాళ్లూ అదే మాటను పట్టుదలగా పట్టుకున్నారు. రెండు మకారాల నడుమ ఒకే ఒక్క అచ్చు! దాన్ని ఎటు వంచితే అటు ఒక నేల, ఒక వాన, ఒక పొయ్యి కళ్లకు కడతాయి!

ఇక అమ్మమ్మలు, నాయనమ్మలు. లండన్‌లో, లివర్‌పూల్‌లో ఆమె నాన్. వేల్స్ ఉత్తర కొండల్లో నైన్, పక్కనే తాత టైడ్. అదే వేల్స్ దక్షిణానికి దిగితే మామ్‌గీ. ఆ వెల్ష్ మాటను విప్పి చూస్తే ‘ప్రియమైన అమ్మ’. మనవడు గుమ్మం తొక్కుతూ పిలిచిన ప్రతిసారీ ఆ ప్రియం తనకు తెలియకుండానే నోట్లోంచి జారుతుంది. అట్లాంటిక్ దాటి కెంటకీ కొండల్లోకి వెళితే అవ్వ మ్యామా, తాత ప్యాపా. మన కోస్తా జిల్లాల మామ్మకు, ఆ కొండల మ్యామాకు చుట్టరికమేమీ లేదు. అయినా ఎంత దగ్గరి ధ్వని! ఇలాంటి మాటల కోసమే అమెరికా ప్రాంతీయ ఇంగ్లీషు నిఘంటువు వాళ్లు 1965 నుంచి 1970 వరకు 1,002 ఊళ్లు తిరిగారు. తిరగరూ మరి! ముసలమ్మ పేరు ఊరూరా మారుతుంటే, ఒక ఊరు వదిలేస్తే ఒక తీపి వదిలేసినట్టే కదా.

పసిబిడ్డ దగ్గర స్కాట్లండు రెండుగా చీలి ముద్దు చేస్తుంది. ఎడిన్‌బరో వైపు బెయిర్న్. మాటలో సముద్రపు గాలి ఉంది. అవతలి ఒడ్డున నార్వే, డెన్మార్కులలో నేటికీ బిడ్డను బార్న్ అనే అంటారు. గ్లాస్గో వైపు అదే పసివాడు వెయిన్. ‘చిట్టి’, ‘ఒకటి’ అనే రెండు మాటలు ముద్దులో కరిగి ఒక్కటైపోయాయి. పిల్లను ఒళ్లోకి లాక్కునే తొందరలో అక్షరాలను విడివిడిగా పలికే తీరిక ఎవరికి!

నా మనసు దోచిన మాటను చివరికి దాచుకున్నాను. మాంచెస్టర్‌లో తోబుట్టువును ‘అవర్ కిడ్’ అంటారు. కిడ్ అంటే పిల్లవాడని చిన్నవాడికే పరిమితం చేయకండి. ఒయాసిస్ బ్యాండ్ గాయకుడు లియామ్ గల్లఘర్, తనకన్నా అయిదేళ్లు పెద్దవాడైన అన్న నోయెల్‌ను అలాగే అంటాడు. ఉత్తర ఇంగ్లండు అంతటా చెల్లెలి పేరు ముందు, కొడుకు పేరు ముందు ఆ ‘అవర్’ కాపలా కాస్తుంది. న్యూకాసిల్‌లో అది ఇంకా గుండ్రబడి ‘వోర్’ అవుతుంది. అక్కడి మగవాడు భార్య సంగతి చెబుతూ ‘వోర్ లాస్’ అంటాడు. వినగానే ఉలిక్కిపడ్డాను. అచ్చం మన ‘మా ఆవిడ’! ఆవిడ ఒక్కడికే భార్య, అయినా నోటికి ‘నా’ రాదు, ‘మా’ వస్తుంది. నా అమ్మ అనని మనం, మా అమ్మ అనే మనం, ఆ మాట ముందు పరాయివాళ్లం ఎలా అవుతాం!

ఎక్కడి న్యూకాసిల్ టైన్ నది, ఎక్కడి గోదావరి! ఆ గట్టు మీదా ఈ గట్టు మీదా మనిషి తన వాళ్ల పేరెత్తేముందు ఇల్లంతటినీ వెంట పిలుచుకుంటున్నాడు. అంకుల్ ఒక్కడే అయితేనేం. నాకిప్పుడు జాలి లేదు.