నిధిరక్షక సర్పములు: నామవిచారము

పూడ్చిన ధనమునకు పాము కావలి యుండుట మన కథలలో సుప్రసిద్ధము. లంకెబిందెల ముచ్చట వచ్చినచోట నాగుబాము ప్రసక్తి తప్పదు. ఆంగ్లమున ఇట్టి పాత్ర టోల్కీన్ 1937లో ప్రకటించిన ‘ది హాబిట్’ లోని స్మాగ్. ఇంతమాత్రమున డ్రాగనును నాగమును ఒకటియే యనుట తొందరపాటు. ముందు పేరులను విచారింపవలెను.

స్మాగ్ అనునది వట్టి ధ్వనికల్పన కాదు. ప్రాచీన జర్మానిక భాషలో ‘కన్నమున దూరుట’ అను అర్థముగల ధాతువునకు అది భూతకాలరూపమని టోల్కీనే చెప్పెను. భాషావేత్త పరిహాసమనియు ఒప్పుకొనెను. మన ‘సర్పము’ సైతము ప్రాకుటను తెలుపు ‘సృప్’ ధాతుజన్యమే. ఆయన నవ్వుచు పెట్టిన పేరును, మన వైయాకరణులు గంభీరముగా చెప్పిన వ్యుత్పత్తియు ఇంత చేరువగా నుండుట ముచ్చటగొల్పును. అంకలగోన్ అను మరియొక డ్రాగను పేరు ఆయన స్వయముగా నిర్మించిన సిందరిన్ భాషలోనిది; అందు ‘దవడ’ అను మాట కలదు. ఆ కల్పితభాషకును ధాతువులు, ధ్వనిపరిణామములు కలవు. కనుకనే ఆ పేరులు అతుకులవలె తోపవు.

మన సంప్రదాయమున విశేషము వేరు. పద్మము, మహాపద్మము, శంఖము అనునవి కుబేరుని నవనిధులలోని పేరులు; నాగరాజుల పేరులును అవియే. ధనమునకును సర్పమునకును నామమొక్కటియే! స్మాగ్ అట్లు కాదు. అతడు మరుగుజ్జుల సొమ్మును దోచి దానిపై పరుండినవాడు. ధనము పరులది, పేరు తనది.

ఆదిలాబాదు సీమకు వచ్చినచో విషయము ఇంకను చిక్కుపడును. కేస్లాపూరు నాగోబా మెస్రం వంశపు గోండుల ఆరాధ్యదైవము. పుష్య అమావాస్యనాటి పూజకై వారు కలమడుగు కడనుండి గోదావరి జలమును కాలినడకన తెత్తురు. పేరు చివరి ‘బా’ మరాఠీ విఠోబాలోని గౌరవవాచకమే. గోండీలో పామును ‘తరాస్’ అందురు. అది మన ‘త్రాచు’నకు సోదరపదము. పూజలో ఆ దేశిపదము కాక ‘నాగ’ శబ్దమే నిలిచినది. ఈ దేవుని ‘నిధిరక్షకుడు’ అని వర్ణించుట నాకు సమ్మతము కాదు. ఆ పూజలో ముఖ్యమైనవి జలము, వంశము, బంగారము కాదు.

కావున అనువాదకుడు స్మాగును ‘నాగరాజు’ అని తెనిగించినచో దొంగకు దేవుని పేరు పెట్టినట్లగును. ‘స్మాగ్’ అనియే యుంచినచో ఆ ధాతుపరిహాసము తెలుగు పాఠకునకు అందదు. ‘దూరు’ ధాతువునుండి ఒక పేరును కల్పించి చూడవచ్చును. త్రాచుతో సమాసము చేసినచో చెవికి నాటుగా వినబడును గాని, నాకు అదియే మేలని తోచుచున్నది.