సగం కంటే కాస్త ఎక్కువ

కొందోర్సే రాసిన ‘మానవ మేధ పురోగతి: ఒక చారిత్రక రేఖాచిత్రం’ ఏ పరిస్థితిలో పుట్టిందో తెలియకుండా చదివితే కొంచెం విసిగిస్తుంది. చరిత్రని పది యుగాలుగా కోసి, మంచి ఎక్కడ జరిగినా తత్వవేత్తల ఖాతాలో, చెడు ఎక్కడ జరిగినా మతగురువుల ఖాతాలో రాసేస్తాడు. మధ్యయుగాల అధ్యాయాల్ని నేను ఆవలిస్తూనే దాటాను. (మీరూ దాటెయ్యచ్చు, పెద్ద నష్టం లేదు.)

పరిస్థితి ఇదీ. 1793 ఫిబ్రవరిలో ఫ్రెంచి గణతంత్రానికి రాజ్యాంగం ముసాయిదా సభ ముందు పెట్టింది కొందోర్సేనే. సభ దాన్ని పక్కనపెట్టి, జూన్‌లో జాకోబిన్ల ముసాయిదాని హడావిడిగా ఆమోదించింది. అతను దాన్ని తప్పుబట్టాడు. జులైలో అరెస్టుకి ఆదేశం వచ్చింది. పారిస్‌లో మదామ్ వెర్నె అనే ఆవిడ ఇంట్లో నెలల తరబడి దాక్కుని ఈ పుస్తకం రాశాడు. 1794 మార్చిలో బయటికొచ్చి, రెండు రోజులకే పట్టుబడి, జైలుగదిలో చనిపోయి కనిపించాడు. విషమా, ఇంకేమన్నానా అన్నది ఇప్పటికీ తేలలేదు.

న్యూటన్ తర్వాత యూరప్‌లో చాలామంది, గ్రహాలకి నియమాలుంటే సమాజానికీ ఉండాలి కదా అన్నారు. చాలామందికి అది మాటవరస. సైన్సు అకాడమీ కార్యదర్శిగా పనిచేసిన కొందోర్సే మాత్రం నిజంగానే లెక్క వేశాడు. 1785లో అచ్చయిన అతని పుస్తకంలో ఓ సిద్ధాంతం ఉంది: ఒక్కొక్కరు సరైన తీర్పు చెప్పే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువైతే చాలు, జనం పెరిగేకొద్దీ మెజారిటీ తీర్పు సరైనదయ్యే అవకాశం నూటికి నూరు దగ్గరికి పోతుంది. పైథాన్‌లో పది లైన్లు రాసి చూశాను. ఒక్కొక్కరిదీ 60 శాతమైతే 11 మంది సభ సుమారు 75 శాతం సార్లు, 101 మంది సభ 98 శాతం సార్లు సరిగ్గా తేలుస్తుంది. 60ని 40 చేశానా, అదే 101 మంది సభ నూటికి 98 సార్లు తప్పే చేస్తుంది!

ఈ రెండో సగం అతనికీ తెలుసు. 1792లో ప్రజావిద్య మీద సభకి ప్రణాళిక ఇచ్చింది ఆ భయంతోనే అని నా అనుమానం. చదువు అందరికీ అందితే ఆ అంకె సగం దాటుతుందని అతని లెక్క.

కానీ సిద్ధాంతంలో ఇంకో షరతు ఉంది, పుస్తకం తడబడేది అక్కడే. ఎవరి తీర్పు వాళ్లు విడిగా చెప్పాలి. అది ఎంత కష్టమో మా ఆఫీసు మీటింగుల్లో రోజూ చూస్తాను. పెద్దాయన నోరు విప్పాక పన్నెండు చేతులూ ఒక్కసారే లేస్తాయి, అవి పన్నెండు ఓట్లు కావు, ఒక్కటే. 1793 జూన్ 2న సాయుధ జనం సభని చుట్టుముట్టి జిరోండిన్లని అరెస్టు చేయమన్నప్పుడు జరిగిందీ ఇదే, ఆఫీసులో ఫిరంగులుండవు అంతే. అచ్చుయంత్రం వచ్చాక మనిషి ఒంటరిగా, ప్రశాంతంగా చదువుకుని నిర్ణయానికొస్తాడని కొందోర్సే నమ్మకం. ఆ యంత్రమే మారా పత్రికనీ అచ్చేసింది. దాని మీద జనం ఎలా ఊగిపోయారో కళ్లారా చూసినవాడు, పుస్తకంలో ఆ సంగతి జోలికే వెళ్లడు.

అయినా పదో యుగం, అంటే భవిష్యత్తు గురించి రాసిన అధ్యాయం, రెండుసార్లు చదివాను. స్త్రీపురుషుల మధ్య హక్కుల తేడాకి ఏ ఆధారమూ లేదంటాడు. సంభావ్యత లెక్కలతో నిధి కట్టి ముసలివాళ్లకీ, భర్త పోయిన ఆడవాళ్లకీ, అనాథ పిల్లలకీ ఆసరా ఇవ్వచ్చంటాడు. ఈ నిధి ముచ్చట చదువుతున్నప్పుడు అది దాక్కున్న మనిషి రాత అని మర్చిపోతాం. అమాయకుడని నవ్వేసే మిత్రులు ముందు ఈ పేజీలు చదవాలి.

పుస్తకం 1795లో అచ్చయింది. 3,000 కాపీలు ప్రభుత్వ ఖర్చుతో కొనాలని కన్వెన్షన్ తీర్మానించింది, రెండేళ్ల కింద అతన్ని పట్టుకోమన్న ఆ కన్వెన్షనే.