ఈక కట్టిన గాలం

గాలం వేయడం అనగానే మనకు చెరువు గట్టు గుర్తొస్తుంది. వానపామును గుచ్చి, బెండు మునిగే దాకా కళ్లప్పగించి కూర్చోవడం మనకు తెలిసిన పద్ధతి. జపాన్ కొండవాగుల్లో గాలం వేసేవాడికి కూర్చునే వీలే లేదు. అతని దగ్గర ఎర ఉండదు, బెండు ఉండదు, దారం చుట్టే రీలు కూడా ఉండదు. ఉండేది పొడవాటి కర్ర, దాని కొసకు కట్టిన దారం, ఆ దారం చివర ఈకా నూలూ చుట్టి పురుగులా తయారుచేసిన గాలం. ఈ పద్ధతి పేరు టెంకరా. ఇప్పుడు పాశ్చాత్య దేశాల్లో దీన్ని జెన్ ధ్యానానికి దగ్గరి చుట్టమన్నట్టు చెబుతున్నారు.

నాకు ఆ మాట పూర్తిగా రుచించదు. టెంకరాను పెంచి పోషించింది సన్యాసులు కాదు, పొట్టకూటి కోసం కొండలెక్కిన పల్లె జనం. మంచు కరిగిన చల్లటి నీళ్లలో బతికే ఇవానా, యమామె చేపలను పట్టి, వేడినీటి బుగ్గల దగ్గరి సత్రాలకు అమ్ముకునేవారు. నిటారు లోయల్లో మోసుకెళ్లాలి కాబట్టి సరంజామా తేలికగా ఉండాలి. అందుకే వెదురు కర్ర, గుర్రం తోక వెంట్రుకలతో పేనిన దారం. ఈ నిరాడంబరత అవసరం నేర్పింది. ఈక గాలం వాళ్ల ఒక్కరి సొత్తూ కాదు. మాసిడోనియా వాళ్లు గాలానికి ఎర్ర ఉన్నీ, కోడి ఈకలూ చుట్టి చేపలు పట్టేవారని రోమన్ రచయిత ఏలియన్ సుమారు 1800 ఏళ్ల కిందటే రాశాడు.

అయితే ఇందులో మనశ్శాంతి లేదా? ఉంది. అది పనిలోంచి వస్తుంది.

కర్ర సుమారు మూడున్నర, నాలుగు మీటర్లుంటుంది. దారం కూడా దాదాపు అంతే, చివర మీటరు పొడవున కంటికి ఆనని సన్న నైలాను. మోచేయి ఒంటికి దగ్గరగా పెట్టుకుని, చూపుడువేలు పిడి మీద ఆనించి, మణికట్టుతో కర్రను వెనక్కి లేపాలి. నెత్తి మీదికి నిటారుగా రాగానే ఆపాలి. దారం వెనక చాచుకునేంత సేపు ఆగి ముందుకు విసరాలి. కొత్తవాళ్లు చెడగొట్టేది ఆ రెప్పపాటు ఆగడాన్నే. బలం పెట్టినకొద్దీ దారం చిక్కుపడుతుంది. సరిగా విసిరితే ముందు ఈక నీటిని తాకుతుంది, దారం గాలిలోనే ఉంటుంది.

అసలు కిటుకు అక్కడుంది. వాగులో నీళ్లన్నీ ఒకే వేగంతో పోవు. నడిమి పాయ ఉరకలు వేస్తుంటే బండ వెనక నీరు నింపాదిగా తిరుగుతుంటుంది. దారం ఉరికే పాయ మీద పడిందా, ఈకను ఈడ్చుకుపోతుంది. అలా పోయేది పురుగు కాదని చేప ఇట్టే పసిగడుతుంది. కర్ర పొడవు వల్ల దారాన్ని నీటికి ఎత్తున పట్టుకోవచ్చు, ఈకను దాని మానాన కొట్టుకుపోనివ్వచ్చు. అది సాగేది రెండు మూడు క్షణాలే. చేప నోట పెట్టుకుని, తిండి కాదని తెలియగానే ఉమ్మేస్తుంది. ఆ లోపు దారంలో చిన్న కదలిక కనిపెట్టి కర్ర లేపాలి. ఇంటి అప్పు, ఆఫీసు గొడవ బుర్రలో తిరుగుతున్నాయంటే చేప పోయినట్టే. మనసును నిలపమని ఎవరూ ఉపదేశించనక్కర్లేదు, వాగే నిలబెడుతుంది.

వాగును చదవడమూ రావాలి. చేప ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలుస్తుంది కాబట్టి దిగువ నుంచి, దాని వెనకగా, వంగి నడవాలి. నీడ నీటిపై పడకూడదు. వడినీరు, నిదానపు నీరు కలిసే గీత మీద గాలం వేయాలి, ఎందుకంటే తిండి కొట్టుకొచ్చే దారి అదే. రాయి తిరగేస్తే మేఫ్లై, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు కనిపిస్తాయి. నీరు శుభ్రంగా, చల్లగా, ప్రాణవాయువుతో నిండి ఉంటేనే అవి బతుకుతాయి. మురికి చేరితే చేపల కంటే ముందు ఇవి మాయమవుతాయి. వాగు ఆరోగ్యం చూసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేని పరీక్ష ఇది.

టెంకరాలో పేరుపడ్డ సకాసా కెబరి గాలానికి ఈకలు ముందువైపు తెరుచుకుని ఉంటాయి. కర్రను కాస్త కదిపితే అవి ముడుచుకుని విచ్చుకుంటూ ప్రాణమున్నట్టు ఆడతాయి. పాశ్చాత్యులు పురుగుకో నకలు చొప్పున పెట్టెలు నింపుకుంటారు. 2009లో అమెరికా వెళ్లి టెంకరా చూపించిన హిసావో ఇషిగాకీ లాంటివారు ఒక్క రకం ఈకతోనే సరిపెట్టుకుంటారు. ఏది కట్టామన్నది కాదు, ఎలా పంపామన్నదే వారికి ముఖ్యం. నా ఓటు వారికే.

పట్టిన చేపను వదిలేయడం ఇప్పటి మర్యాద. పాతవాళ్లు మాత్రం ఉప్పు రాసి, పుల్లకు గుచ్చి, నిప్పుల మీద కాల్చి తిన్నారు. వినోదం కోసం ఒక ప్రాణిని నొప్పించి, పైగా ప్రకృతి ప్రేమ అని చెప్పుకోవడం కంటే, కావలసినన్ని పట్టి తినడమే నిజాయితీ అనిపిస్తుంది నాకు. వదిలేసేవారు కనీసం మొన వెనక ఎదురుముల్లు లేని గాలం వాడాలి, చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి.

ఇలాంటి గాలం మన దేశంలో వేయాలంటే చల్లటి నీళ్ల చేప ట్రౌట్ ఉన్నచోటికి వెళ్లాలి. మన గోదావరి, కృష్ణల వెచ్చటి నీళ్లలో అది బతకదు. బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన ట్రౌట్ కశ్మీర్‌లో, హిమాచల్‌లో ఉంది. కులూ దగ్గర తీర్థన్ లోయకు వెళ్లేవారు అక్కడి మత్స్యశాఖ అనుమతి తీసుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ట్రౌట్ వేట నిషేధం, అవి గుడ్లు పెట్టే కాలం.