ఒక్క అంకెతో ఏం చెప్పను?

మొన్న మంగళవారం ఓపీలో ఓ అమ్మాయి కుర్చీలో కూర్చోకముందే ఫోన్ నా చేతికిచ్చింది. రక్తంలో గర్భం హార్మోన్ బీటా హెచ్‌సీజీ 640. "మా తోడికోడలికి అయిదో వారంలో నాలుగు వేలు ఉందట మేడం. నాది నిలబడుతుందా?"

సగం గొడవ రిపోర్టు కింద అచ్చేసే పట్టికతోనే. అయిదో వారానికి 18 నుంచి 7,340 దాకా నార్మలేనని ఉంటుంది. అంత పెద్ద పందిట్లో తోడికోడళ్లిద్దరికీ చోటుంది. పైగా ఆ వారాలు ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. అండం నాలుగు రోజులు ఆలస్యంగా విడుదలైతే అంకె సగం కంటే తక్కువే రావచ్చు. తేడా గర్భంలో ఉండదు, తేదీల్లో ఉంటుంది.

అందుకే నాకు రెండో రిపోర్టు కావాలి. 48 గంటల తర్వాత, అదే ల్యాబులో. "రెండ్రోజుల్లో రెట్టింపు కావాలి" అన్న మాట ఊరంతా పాకి ఎంతమందిని ఏడిపించిందో! మొదటి అంకె 1,500 లోపుంటే కనీసం 49 శాతం పెరిగితే చాలు. 3,000 దాటితే 33 శాతం. ఈ అమ్మాయికి రెండోసారి 1,010 వచ్చింది. రెట్టింపు కాలేదని కళ్లనీళ్లు పెట్టుకుంది. 58 శాతం పెరిగింది తల్లీ, పది రోజులాగి స్కాన్ చేద్దాం అన్నాను. అంతకు మించి మాటివ్వలేదు.

మాటివ్వకపోవడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒకామెకి ఒక్క రిపోర్టు చూసి "ఆశ పెట్టుకోకండి" అనేశాను. తర్వాతి స్కాన్‌లో గుండె టకటకా కొట్టుకుంటోంది. కాన్పుకి మాత్రం ఆమె వేరే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని.

1927లో బెర్లిన్‌లో ఆషైమ్, జోండెక్ అనే డాక్టర్లు గర్భిణి మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి పరీక్షించే రోజుల్లో అవును, కాదు అన్న రెండే జవాబులు. హెచ్‌సీజీలోని బీటా భాగాన్ని విడిగా కొలవడం 1972లో వచ్చింది. అంకెల బెంగ ఆ తర్వాతి తరాలది. నిజానికి ఈ హార్మోన్‌ను తయారుచేసేవి మాయగా మారబోయే కణాలు. బిడ్డ సంగతి అది నేరుగా చెప్పదు. ఎనిమిది నుంచి పదకొండు వారాల మధ్య లక్ష దాకా ఎక్కి, ఆపైన దానంతటదే దిగుతుంది. ఆ దిగడం చూసి పరుగెత్తుకొచ్చేవాళ్లూ ఉన్నారు. స్కాన్‌లో గుండె కనబడ్డాక ఈ పరీక్ష నేను రాయను, బతిమాలినా రాయను. పిల్లల కోసం చికిత్సలో హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లయితే తొందరపడి ఇంట్లో పరీక్ష చేసుకోకండి. ఆ మందే పది రోజులకు పైగా ఒంట్లో ఉండి గీత చూపించగలదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది బాగా పెరుగుతున్న అంకె. ట్యూబులో నిలిచిన గర్భం కూడా కొందరిలో మంచి గర్భంలాగే అంకె పెంచుతుంది. ఎంత ఉందో రక్తం చెబుతుంది, ఎక్కడుందో స్కానే చెప్పాలి. 3,500 దాటినా గర్భసంచిలో ఏమీ కనబడకపోతే అనుమానించాల్సిందే. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, భుజం కొసన నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏదున్నా రెండో రిపోర్టు కోసం ఆగకండి. అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికి బయల్దేరండి.